మడత టాప్ హెరాల్డుకు బీడింగ్ రెండుసార్లు మార్చినా నీళ్ళు దిగుతూనే ఉన్నాయి

పర్లాకిమిడి హెరాల్డ్:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తాతగారు కొన్న రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ పేరుతో వచ్చిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో తయారు చేసిన సంగతి ఇక్కడ చాలామందికి తెలిసినదే. దీని ఇనుప పైకప్పు బోల్టులతో బిగించినది కావడం వల్ల, మా బాబాయిగారు 1980లలో దానిని విప్పించి, ఆ కారుకే ఉన్న కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే) నమూనా ఫొటోలు చూపించి, ఇనుప ఊచలు వంచించి, నల్ల రెగ్జిన్‌తో మడత టాప్ కుట్టించారు. విప్పిన పైకప్పు మా పశువుల పాకలో ఒక మూల బోర్లించి ఉంది. దాని కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

సమస్య వానది. ఎండాకాలంలో ఈ కారంత సుఖమైనది లేదు. జూన్ దాటితే మాత్రం డ్రైవరు పక్కన తువ్వాలు పెట్టుకుని బయలుదేరవలసి వస్తున్నది. నీరు మూడు చోట్ల దిగుతున్నది. కుడి తలుపు ముందు చిన్న త్రికోణపు అద్దం, ముందు అద్దం ఫ్రేము, టాప్ ముందు పట్టీ ఈ మూడూ కలిసే మూలలో నుంచి బొట్లు బొట్లుగా కుడి భుజం మీద పడుతున్నాయి. వాన గట్టిగా ఉంటే కుడి మోకాలు తడుస్తున్నది. వెనుక సీటు ఎడమ మూల ఎప్పుడు తడుస్తున్నదో తెలియదు కాని, మర్నాడు చెయ్యి పెడితే చెమ్మగా ఉంటుంది.

మొదటిసారి ఒక పట్టణంలోని దుకాణంలో మీటర్ల లెక్కన స్పాంజి బీడింగ్, అంటే సందులు మూసే రబ్బరు పట్టీ, కొన్నాను. అన్ని కార్లకూ ఇదే సరిపోతుందని దుకాణదారు చెప్పారు. దానిని బంకతో అంటించిన తరువాత తలుపును భుజంతో తోస్తే తప్ప పడేది కాదు. రెండో నెలకు ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. రెండోసారి ఇంగ్లండు నుంచి హెరాల్డ్ కన్వర్టిబుల్ బీడింగ్ సెట్ తెప్పించాను. కస్టమ్స్ పన్నుతో కలిపి దానికి ఎంతయిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు. అది ముందు పట్టీకి చక్కగా కూర్చున్నది కాని, మూలలో మాత్రం వేలు దూరేంత సందు అలాగే ఉంది.

ఇప్పుడు నేను అడుగుతున్నది ఇది. ఇంకా లావు రబ్బరు తెచ్చి వేయాలా, ఆ మూలను సిలికాన్‌తో నింపివేయాలా, లేక మొత్తం టాప్‌నే కొత్తగా కుట్టించాలా? మా మేస్త్రీ సిలికాన్ అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

జయపురం జీపు:

సిలికాన్ మాట మరచిపోండి. ఒకసారి రేకుకు సిలికాన్ తగిలిందంటే, తరువాత అక్కడ రంగూ నిలవదు, వేరే బంకా పట్టదు. ఎంత గీకినా పలుచని పొర మిగిలే ఉంటుంది. మా జీపు అద్దం ఫ్రేము మీద ఆ తప్పు చేసి, చివరకు ఫ్రేము విప్పి ఇనుము కనిపించేదాకా రుద్దించవలసి వచ్చింది.

నాది క్యాన్వాస్ టాప్ ఉన్న మహీంద్రా జీపు. కొరాపుట్టు కొండల వానలో పొట్టంగి ఘాట్ ఎక్కి దిగుతూ నేను నేర్చుకున్నది ఒకటే: మడత టాప్‌లో నీటిని ఆపే మొదటి పని గుడ్డది, రెండో పని రబ్బరుది. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టు, పై గుడ్డ ఎప్పుడూ కిందిదాని బయటి వైపుకు వేలాడాలి. మీ టాప్ పక్క అంచు తలుపు అద్దానికి బయట దిగుతున్నదా, లోపల ఆగుతున్నదా చూడండి. ఒక వేలెడు గుడ్డ బయటికి లేకపోతే, ఎంత ఖరీదైన బీడింగ్ వేసినా నీరు నేరుగా దాని నెత్తినే పడుతుంది.

మోకాలి తడి సంగతి వేరని నా అనుమానం. దానికి టాప్‌తో సంబంధం ఉండకపోవచ్చు. బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య రేకులో వైపర్ల ఇరుసులు బయటికి వచ్చే చోట చిన్న రబ్బరు వాషర్లు ఉంటాయి. అవి ఎండి బిగుసుకుపోతే నీరు డాష్‌బోర్డు వెనుక నుంచి జారి సరిగ్గా మోకాలి మీదే పడుతుంది. కారు కదలకుండా నిలిపి, టాప్ మీద నీరు పోయకుండా, వైపర్ల దగ్గర మాత్రమే చెంబుతో పోసి చూడండి. తేలిపోతుంది.

బరంపురం టాపుల పని:

నేను బరంపురంలో కారు సీట్లు, టాపులు కుట్టే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. పై మిత్రులు చెప్పిన దానిలో సిలికాన్ మాటా, వైపర్ల మాటా నూటికి నూరు పాళ్ళు నిజం. గుడ్డ గురించి మాత్రం ఒక సవరణ. జీపుకు పెంకుల లెక్క సరిపోతుంది, ఎందుకంటే జీపులో తడవడం ఎవరికీ కొత్త కాదు. పైకీ కిందికీ నడిచే అద్దం ఉన్న కారులో, అద్దం పై అంచు రబ్బరును లోపలి నుంచి కాదు, బయటి నుంచి నొక్కాలి. ఆ నొక్కుడు లేకపోతే గాలికి గుడ్డ అంచు లేచి వాన లోపలికి కొడుతుంది.

మీ ఉత్తరంలో నా కంటికి తగిలిన మాట "వేలు దూరేంత సందు". అది రబ్బరు లోపం కాదండి, తలుపు లోపం. తలుపును ఒక జానెడు తెరచి, తాళం ఉన్న చివరను కింద నుంచి రెండు చేతులతో పైకి ఎత్తండి. కొంచెమైనా పైకి లేచి టక్కుమంటే, బందుల సీలలు అరిగిపోయాయన్న మాట. తలుపు బందులు ముందు వైపు ఉన్నాయి కనుక, వెనుక చివర కిందికి జారినప్పుడు తలుపు మొత్తం బందుల చుట్టూ కొద్దిగా తిరుగుతుంది. దానితో తలుపు పై భాగం వెనక్కి వాలుతుంది. అప్పుడు త్రికోణపు అద్దం పై కొస ముందు స్తంభానికి దూరమై, మీరు చెప్పిన మూలలోనే సందు తెరుచుకుంటుంది. అక్కడ లావు రబ్బరు కుక్కితే అది తలుపును ఇంకా వెనక్కి తోస్తుంది. మొదటిసారి తలుపును భుజంతో తోయవలసి రావడానికి కారణం ఇదే అయి ఉండాలి.

సీలలు గట్టిగానే ఉంటే, ఛాసిస్ వైపు, అంటే కారు అడుగు చట్రం వైపు చూడాలి. హెరాల్డ్ బాడీ ఒకే ముద్ద కాదు; విడి ఛాసిస్ మీద ముక్కలుగా బోల్టులతో నిలబడినది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య పలుచని బిళ్ళలు పెట్టి తలుపు సందులు సరిచేస్తారు. ఆ బిళ్ళలు తుప్పు పట్టి నలిగిపోయినా, పక్కలకు చాచిన ఛాసిస్ చేతులు తుప్పుతో మెత్తబడినా, బాడీ కుంగి తలుపు చుట్టూ ఉన్న సందు ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా మారుతుంది. పైకప్పు విప్పినందుకు కారు బలహీనపడిందేమో అని చాలామంది భయపడతారు కాని, ఈ కారులో బరువు మోసేది ఛాసిస్. 1960లో ఇంగ్లండులో కన్వర్టిబుల్‌ను కూడా దాని మీదనే అమ్మారు.

తలుపు సరిచేయనిదే అద్దం జోలికి పోవద్దు, అద్దం సరిచేయనిదే టాప్ ఊచల జోలికి పోవద్దు. రబ్బరు అన్నిటికీ ఆఖరు. మా దగ్గరకు వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది రబ్బరు చేతిలో పట్టుకునే వస్తారు.

తలుపు కుదిరిన తరువాత సందు కొలిచే పని ఉంది. దానికి నేను వాడేది చపాతీ పిండి. గట్టిగా కలిపిన పిండిని ఉసిరికాయంత ఉండలు చేసి, ఒక్కొక్క దానిని పలుచని పాలిథిన్‌లో చుట్టి, ముందు అద్దం ఫ్రేము మీద జానకొకటి చొప్పున వరుసగా పెట్టండి. పాత బీడింగ్ తీసివేసి టాప్‌ను మెల్లగా దించి, క్లాంపులు పూర్తిగా బిగించి, మళ్ళీ విప్పండి. నొక్కుకుపోయిన ఉండలను బ్లేడుతో నిలువుగా కోసి మందం కొలవండి. అన్ని చోట్లా 8 మిల్లీమీటర్లు వస్తే మీ అదృష్టం; 12 మిల్లీమీటర్ల స్పాంజి రబ్బరు అక్కడ మూడో వంతు నొక్కుకుని సుఖంగా కూర్చుంటుంది. సగానికి మించి నొక్కుకున్న స్పాంజి కొన్ని నెలలకు అలాగే చదునుగా ఉండిపోయి తిరిగి లేవదు. నడుమ 6, చివరలలో 11 వచ్చిందంటే మాత్రం, మీ టాప్ ముందు పట్టీ వంపు, అద్దం ఫ్రేము వంపు ఒకటి కాదు. ఇంట్లో వంచించిన పట్టీలలో ఇది మామూలే. పట్టీని వంచి సరిచేయాలి, లేదా పట్టీ కింద పలుచని అల్యూమినియం ముక్క రివెట్ కొట్టి ఎత్తు పెంచాలి. రెండు రకాల మందం రబ్బర్లు అతికించే తెలివి మాత్రం వద్దు. అతుకు దగ్గరే కారుతుంది.

బీడింగ్ వేసేటప్పుడు లాగి వేయవద్దు. లాగిన రబ్బరు వారం పది రోజుల్లో తన కొలతకు తాను తిరిగి వచ్చేస్తుంది, చివరలలో సందు విడుస్తుంది. కొలత కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ కోసి, రెండు చివరలూ ముందు కూర్చోబెట్టి, నడుమకు మిగిలిన ఉబ్బును వేళ్ళతో రెండు వైపులా నొక్కుతూ సర్దాలి. గాడిలో దూర్చే రకానికి బంక అక్కర లేదు, సబ్బు నీళ్ళు చాలు. మూలలో రెండు రబ్బర్లు కలిసే చోట చదరంగా కోసి ఆనించవద్దు. ఏటవాలుగా కోసి ఫెవిక్విక్‌తో అతికించి, ముందు పట్టీ రబ్బరు చివరను పక్క రబ్బరు మీదుగా ఒక గోరంత బయటికి రానివ్వండి. నీటి బొట్టు ఆ గోరు మీదుగా అద్దానికి బయట రాలాలి. నేను ఒక రోజంతా పెట్టే చోటు ఆ మూల ఒక్కటే.

పర్లాకిమిడి హెరాల్డ్:

చాలా ధన్యవాదాలు. ఈ ఉదయమే తలుపు ఎత్తి చూశాను. మీరు చెప్పిన టక్కు వినిపించింది, మా అమ్మగారికి వంటింట్లోకి కూడా వినిపించిందట. పిండి ఉండలు కుడి నుంచి ఎడమకు 11, 8, 7, 7, 8, 9 వచ్చాయి. అంటే కుడి చివర పట్టీ కూడా లేచి ఉందనుకుంటాను. వైపర్ల దగ్గర చెంబుతో పోస్తే మోకాలి దగ్గర రెండు నిమిషాలలో నీరు కనిపించింది. జయపురం వారి అనుమానం సరైనదే.

ఇంకొక సందేహం. ఇంగ్లండు సెట్‌లో పక్క పట్టీల రబ్బరు నా ఊచలకు కుదరదు. దానికి ఇక్కడే దొరికే రబ్బరు ఏది తీసుకోవాలి?

బల్లార్షా ఎండ:

నేను చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఉంటాను. మా దగ్గర వేసవిలో 46 డిగ్రీలు దాటడం వింత కాదు కనుక, రబ్బరు గురించి మాత్రం నన్ను అడగవచ్చు.

మామూలు సహజ రబ్బరు ఎండలోనూ, గాలిలోని ఓజోన్ వల్లనూ పగుళ్ళు ఇస్తుంది. వంచి చూస్తే పైన సన్నని గీతలు కనిపిస్తాయి. బయట ఎండకూ వానకూ ఉండే బీడింగ్‌కు ఈపీడీఎం అనే రకమే మంచిది. కొత్త కార్ల తలుపులకు వచ్చేది ఎక్కువగా అదే. దానికి పెట్రోలు, ఇంజన్ ఆయిలు పడవు. తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తలుపు జిగురుగా పట్టుకుంటున్నదని ఆయిలు చేత్తో రాసే వాళ్ళను చూశాను, అది రబ్బరుకు విషం. పలుచగా సిలికాన్ గ్రీజు గానీ, ఏమీ లేకపోతే పౌడరు గానీ రాయండి. పైన సిలికాన్ వద్దన్నారు కదా అనుకోవద్దు. అది సందులు నింపే సీలెంట్ సంగతి. గ్రీజు కూడా బంక పూర్తిగా ఆరిన తరువాతే, రబ్బరు మీద మాత్రమే, రేకుకు అంటకుండా రాయాలి.

స్పాంజి కొనేటప్పుడు దుకాణంలోనే ఒక చిన్న ముక్క కోయించుకుని, గ్లాసు నీళ్ళలో ముంచి పిండి వదలండి. బయటికి తీసి గట్టిగా నొక్కితే నీరు కారిందంటే, దాని లోపలి గుల్లలు ఒకదానికొకటి తెరుచుకుని ఉన్నాయి. అది వానను ఆపదు, తాగుతుంది, తాగి పట్టుకుని కింద ఉన్న రేకును తుప్పు పట్టిస్తుంది. మీ మొదటి బీడింగ్ ఇదేనని నా నమ్మకం.

బంక విషయంలో ఒక జాగ్రత్త. ఈపీడీఎంకు మామూలు ఫెవిబాండ్ అంత గట్టిగా పట్టదు. అంటించే వైపును గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రేకుకూ రబ్బరుకూ రెండింటికీ పలుచగా రాసి, వేలికి అంటని స్థితి వచ్చేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. తడిగా ఉండగా అంటిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక నెలలపాటు జారుతూ ఉంటుంది. ఇంకొకటి, వాన పడుతున్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. ద్రావకం ఎగిరిపోతూ పూతను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని చెమ్మ బంక మీద పొరగా పేరుకుంటుంది. పైకి తెల్లగా మసక కనిపిస్తుంది, పట్టు ఉండదు. మీ వైపు శ్రావణ భాద్రపదాలలో అంటిస్తే ఊడక ఏం చేస్తుంది?

జయపురం జీపు:

బల్లార్షా వారికి నమస్కారం. నేను ఇన్నాళ్ళూ వానలోనే అంటిస్తున్నాను. కారణం ఇప్పుడు తెలిసింది.

వెనుక ఎడమ మూల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒకరిని టార్చి లైటుతో కారులో కూర్చోబెట్టి, బయట నుంచి గొట్టంతో నీరు నెమ్మదిగా, కింద నుంచి మొదలుపెట్టి పైకి పోస్తూ రండి. పై నుంచి మొదలుపెడితే అన్ని చోట్లా ఒకేసారి తడిసి ఏమీ తెలియదు. సర్వీసు సెంటరులో కార్లు కడిగే ఒత్తిడి నీరు మాత్రం వాడవద్దు. అది మంచి బీడింగ్‌ను కూడా దాటి వెళుతుంది, లేని లోపం చూపిస్తుంది.

పర్లాకిమిడి హెరాల్డ్:

పని పూర్తయ్యాక రాస్తానని ఆగాను. ఆలస్యానికి క్షమించాలి, లేత్ పని చేసే ఆయన బందుల సీలలు తిప్పి ఇవ్వడానికే మూడు వారాలు పట్టింది. పాత సీలను కొత్తదాని పక్కన పెట్టి చూస్తే, నడుమ ఒక వైపు గోటితో తడిమితే తెలిసేంత మెట్టు పడి ఉంది. ఇంత చిన్న అరుగుదల తలుపు పైకొసకు వచ్చేసరికి వేలెడు సందు అయింది. కొత్త సీలలు వేసి, కుడి వైపు బాడీ కింద ఒక బిళ్ళ మార్చిన తరువాత, మూలలో సందు దానంతట అదే 4 మిల్లీమీటర్లకు దిగింది. ఆ ఒక్క మార్పుతోనే ఇంగ్లండు రబ్బరు అక్కడ ఆనింది. నేను అనవసరంగా ఆ రబ్బరును ఏడాది పాటు తిట్టాను.

తలుపు లోపలి అట్ట విప్పి, అద్దం నడిచే గాడి కింది బోల్టులు వదులు చేసి, అద్దాన్ని లోపలి వైపుకు వాల్చాను. పది రూపాయల నోటు అద్దానికీ రబ్బరుకూ మధ్య పెట్టి లాగితే ఇప్పుడు అన్ని చోట్లా బిగువుగా వస్తున్నది. తలుపు కింద నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, లోపల గ్లాసెడు నీరు నిలిచి ఉండడం కూడా అప్పుడే చూశాను. ముందు పట్టీ కుడి చివర కింద అల్యూమినియం ముక్క పెట్టించాను. వైపర్ల వాషర్లు రెండూ చేతిలోకి రాగానే పొడి అయ్యాయి. వాటి స్థానంలో కొత్తవి వేశాను.

దసరా తరువాత ఒక రోజు వాన మబ్బు చూసి కావాలనే బరంపురం వైపు బయలుదేరాను. తప్తపాణి ఘాట్ దిగుతుండగా వాన అందుకుంది. భుజం మీద ఒక్క బొట్టు లేదు. మోకాలు పొడిగా ఉంది. తువ్వాలు మడత విప్పకుండానే ఇంటికి వచ్చింది.

వెనుక ఎడమ మూల మాత్రం ఇంకా తడుస్తున్నది. గొట్టం పరీక్షలో తెలిసిందేమంటే, అక్కడ దూరేది బీడింగ్ నుంచి కాదు, కుట్టు నుంచి. టార్చి వెలుగులో చూస్తే రెగ్జిన్ కుట్టు వెంట సూది రంధ్రాలు వరుసగా తెరుచుకుని, ఒక్కొక్క రంధ్రం నుంచి ఆవగింజంత నీటి బొట్టు ఉబ్బి, పక్కదానితో కలిసి, గుడ్డ వెనుక నుంచి మూలకు జారుతున్నది. నూలు దారం కుళ్ళిపోయింది. ప్రస్తుతానికి తేనె మైనం కరిగించి రుద్దాను. కొంత తగ్గింది. కొత్త టాప్ తప్పదని అర్థమైంది. వేసవిలో బరంపురం వారి దగ్గరకే తీసుకురావాలనుకుంటున్నాను. ఊచలూ, పాత గుడ్డా ఇక్కడే విప్పి తేవాలా, కారు అలాగే తేవాలా?

బరంపురం టాపుల పని:

ఏదీ విప్పవద్దండి, కారు అలాగే తీసుకురండి. పాత టాప్ ఎంత చిరిగినా దానినే విప్పదీసి కొలత తీసుకుంటాము. ఏప్రిల్‌లో రండి, రెగ్జిన్‌ను మధ్యాహ్నపు ఎండలో వేడెక్కించి, సాగినప్పుడు లాగి బిగించాలి, సాయంత్రం చల్లబడేసరికి అదే ముడుచుకుని తప్పెటలా బిగుస్తుంది. ఈసారి దారం పాలియెస్టర్‌ది వాడదాము. వచ్చేటప్పుడు ఆ 4 మిల్లీమీటర్ల మూలను మాత్రం ఎవరినీ ముట్టనివ్వవద్దు.